గ్రంథం నిజమని గ్రంథమే చెబితే చాలా? స్వతఃప్రామాణ్యం అసలు ఏం చెబుతుంది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒక చర్చలో అవతలివారు "వేదం స్వతఃప్రమాణం (తనంతట తానే ప్రమాణం), దానికి వేరే సాక్ష్యం అడగడమే తప్పు" అన్నారు. మీరు "వేదం నిజమని వేదాన్నే చూపించడం చక్రవాదం" అన్నారు. ఇద్దరిలో ఎవరిది సరి? బైబిలుకూ ఖురానుకూ ఇదే వర్తిస్తుందా?

ఏ గ్రంథమైనా తన మాటతోనే తన సత్యాన్ని రుజువు చేసుకోలేదు. అంతవరకు మీదే సరి. కానీ స్వతఃప్రామాణ్యాన్ని మీరిద్దరూ ఒకేలా పొరబడ్డారు. వేదాన్ని అందరికన్నా గట్టిగా కాపాడినవాళ్లు మీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థాన్ని విచారించే దర్శనంవాళ్లు. "వేదం చెప్పింది కనుక వేదం నిజం" అనే వాదం వాళ్ల పుస్తకాల్లో లేదు. అలా అంటే నిలవదని వాళ్లకు బాగా తెలుసు.

ముందు మామూలు సంగతితో మొదలుపెడదాం. పొలం కొంటున్నారు. అమ్మేవాడి దస్తావేజులో "ఈ భూమిపై నాకు సర్వహక్కులు కలవు" అని రాసే ఉంటుంది. అయినా లాయరు లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు, 30 ఏళ్ల ఈసీ తీయిస్తాడు. దస్తావేజు అబద్ధమని ఆయన ముందే తేల్చుకోలేదు. ఆ వాక్యం నిజం దస్తావేజులోనూ ఉంటుంది, దొంగ దస్తావేజులోనూ ఉంటుంది. రెంటిలోనూ ఉండే గుర్తు రెంటినీ విడదీయలేదు. 1872 నాటి సాక్ష్యచట్టం 90వ సెక్షన్, సరైన చోట భద్రంగా ఉన్న 30 ఏళ్ల పాత పత్రానికి ఒక మినహాయింపు ఇచ్చింది. అది కూడా సంతకం, రాత, సాక్షుల సంతకాల వరకే. లోపల రాసినదంతా నిజమని కోర్టు భావించాలని ఆ సెక్షన్ చెప్పలేదు. గ్రంథం పాతదనంతో వాదించేవారికి ఈ తేడాను తప్పక గుర్తుచేయండి.

మన తర్కశాస్త్రంలో ఈ దోషానికి మూడు పేర్లున్నాయి. ఏది ఎక్కడ పడుతుందో చూసి వాడితే చర్చ త్వరగా తెములుతుంది. "ఇది నిజం, ఎందుకంటే ఇది నిజమని ఇందులోనే ఉంది" అంటే ఆత్మాశ్రయం. "దేవుడు చెప్పాడు కనుక గ్రంథం నిజం, గ్రంథం చెప్పింది కనుక దేవుడున్నాడు" అంటే అన్యోన్యాశ్రయం. "గ్రంథం గొప్పదని ఆచార్యుడన్నాడు, ఆచార్యుడు ఆప్తుడని (నమ్మదగినవాడని) సంప్రదాయం అంటుంది, సంప్రదాయాన్ని నమ్మమని గ్రంథం చెప్పింది" అంటే చక్రకం. చర్చల్లో ఎక్కువగా దొర్లేది మూడోదే. మెలికలు ఎక్కువ కాబట్టి తిరిగి మొదటికే వచ్చామని ఎవరికీ తోచదు.

ఈ దోషాన్ని వేదవాదులే ఎంత సూటిగా పట్టుకున్నారో చూడండి. బుద్ధుడు సర్వజ్ఞుడు కనుక ఆయన ఆగమం (బోధించిన శాస్త్రం) నిజం అనేవారికి మీమాంసకుడు కుమారిలభట్టు శ్లోకవార్తికంలో ఇచ్చిన జవాబు: "న చాగమేన సర్వజ్ఞః తదీయేఽన్యోన్యసంశ్రయాత్". ఆయన సర్వజ్ఞుడని ఆయన ఆగమంతోనే తేల్చడం కుదరదు, అది అన్యోన్యాశ్రయం. వెంటనే రెండో దారి కూడా మూసేస్తాడు: వేరే మనిషి రాసిన ఆగమంతో తేల్చుదామంటే, ఆ వేరే ఆగమం ప్రమాణమని ఎలా తెలిసింది? ఇంత పదునైన కత్తి తన మెడకూ తగులుతుందని తెలిసిన మనిషి వేదం విషయంలో అదే తప్పు చేస్తాడా?

కుమారిలుడు అన్నదల్లా ఇది: "స్వతః సర్వప్రమాణానాం ప్రామాణ్యమితి గమ్యతామ్". అన్ని ప్రమాణాలకూ ప్రామాణ్యం స్వతహాగానే ఉంటుంది. "సర్వ" అనే మాట దగ్గర ఆగండి. ఇది వేదానికి ఇచ్చిన ప్రత్యేక హోదా కాదు. కంటితో చెట్టును చూసినా, పొగను చూసి నిప్పును ఊహించినా, పక్కవాడి మాట విన్నా, కలిగిన జ్ఞానాన్ని మొదట నిజంగానే తీసుకుంటాం. ప్రతి జ్ఞానానికీ ఇంకో జ్ఞానం పూచీ పడాలంటే, ఆ పూచీకి మరో పూచీ కావాలి, దానికి అంతు ఉండదు. అది అనవస్థ. కాబట్టి పడగొట్టేది వచ్చేదాకా జ్ఞానం నిలుస్తుంది. పడగొట్టేవి రెండు. ఒకటి బాధకజ్ఞానం: వెండి అనుకుని వంగి తీస్తే ముత్యపుచిప్ప. రెండోది కారణదోషజ్ఞానం: శంఖం పచ్చగా కనిపించింది, తర్వాత తనకు కామెర్లున్నాయని తెలిసింది. శంఖం రంగు మళ్లీ చూడకపోయినా మొదటి జ్ఞానం చెల్లదు, చూసిన కన్నే చెడింది కనుక.

అంటే స్వతఃప్రామాణ్యం "నేను నిజమని నేనే రుజువు" అనడం లేదు. "దోషం చూపించేదాకా నన్ను కొట్టేయకు" అంటోంది. రెండూ ఒకటి కావు. మొదటిది విచారణకు తలుపు మూస్తుంది, రెండోది దోషం చూపించమని పిలుస్తుంది. మీ ప్రత్యర్థి రెండోదాని పేరు పెట్టుకుని మొదటిది చేశారు. పైగా ఈ సూత్రం ఒక్కటే సరిపోతే బౌద్ధాగమం, బైబిలు, ఖురాను, వినగానే అర్థం తెలిసే ప్రతి వాక్యమూ అదే రక్షణ అడగగలవు. "సర్వ" అన్నాక కాదనడానికి వీల్లేదు.

అందుకే మీమాంసకుడికి ఇంకో మెట్టు కావాల్సివచ్చింది. మాటకు దోషం ఎక్కడినుంచి వస్తుంది? చెప్పేవాడి భ్రమ నుంచో, అజాగ్రత్త నుంచో, మోసం నుంచో. వేదానికి చెప్పేవాడే లేడంటే, అంటే అపౌరుషేయమంటే, కారణదోషం పుట్టే చోటే లేదు. బరువంతా ఇప్పుడు ఈ "అపౌరుషేయం" మీద పడింది. దాన్ని వేదవాక్యంతో తేల్చారా? తేల్చలేదు, తేల్చలేరు కూడా. పురుషసూక్తంలో "తస్మాద్యజ్ఞాత్ సర్వహుతః ఋచః సామాని జజ్ఞిరే" అని ఉంది, ఋక్కులూ సామాలూ పుట్టాయని. బృహదారణ్యకం ఋగ్వేదాదులను మహాభూతం విడిచిన ఊపిరి అంటుంది. వేదం తన పుట్టుక గురించి చెప్పుకున్న మాటలివి. అక్షరార్థం తీసుకుంటే నిత్యత్వానికే ఎదురు తిరుగుతాయి. మీమాంసకుడు వీటిని అర్థవాదం కింద, అంటే స్తుతి కింద పెట్టి పక్కకు జరుపుతాడు.

అసలు వాదం వేరు. కుమారిలుడు చెప్పే అనుమానం (శాస్త్రంలో ఈ మాటకు సందేహమని కాదు, తెలిసినదాన్నుంచి తెలియనిదాన్ని ఊహించి తేల్చడమని అర్థం) ఇది: ఇప్పుడు వేదాధ్యయనం గురువు దగ్గర విని చేస్తున్నట్టే, ఎప్పుడు జరిగిన వేదాధ్యయనమైనా అంతకుముందు గురువు దగ్గర విన్నదే, కాబట్టి మొదటి రచయిత లేడు. "మహాభారతానికీ ఇలాగే చెప్పొచ్చుగా?" అని మీకు తోస్తే, ఆయనకూ తోచింది. భారతానికీ ఇలాగే అవుతుంది గానీ, కర్త ఎవరో జ్ఞాపకం ఉంది కనుక అక్కడ ఆ వాదం దెబ్బతింటుంది అంటాడు. చివరికి మొత్తం భవనం "వేదానికి కర్త ఎవరో ఎవరికీ జ్ఞాపకం లేదు" అనే ఒక్క స్తంభం మీద నిలిచింది. నా లెక్కన బలహీనమైన చోటు ఇదే. రచయిత పేరు మరిచిపోయిన పాటలు, తవ్వించిందెవరో తెలియని బావులు మన ఊళ్లలోనే ఎన్నో ఉన్నాయి. పరంపర తెగలేదు కనుక ఇక్కడ మరుపు కుదరదని మీమాంసకుల సమాధానం. కానీ పదాలు జాగ్రత్తగా నిలబెట్టే పరంపర పేర్లు నిలబెట్టకపోవచ్చు.

తెలుగునాట వైదికుల్లో ఎక్కువగా వినిపించేది కృష్ణయజుర్వేద తైత్తిరీయశాఖ. అందులో ఏడో కాండంలో "బబరః ప్రావాహణిరకామయత" అనే వాక్యం ఉంది. ప్రవాహణుడి కొడుకు బబరుడు కోరుకున్నాడు అని తేట అర్థం. బబరుడనే మనిషి పుట్టకముందు ఈ వాక్యం ఎలా ఉంటుంది? మీమాంసాసూత్రాలు రాసిన జైమిని ఈ ఆక్షేపణను దాచలేదు, మొదటి పాదంలోనే తెచ్చి పెట్టాడు. సమాధానం: "పరం తు శ్రుతిసామాన్యమాత్రమ్", వినడానికి పేరులా ఉంది, అంతే. ఆ సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి వివరణ ప్రకారం "బబర" గాలి చప్పుడు, "ప్రావాహణి" బాగా వీచేది. పాణిని పద్ధతిలో తండ్రిపేరు నుంచి పుట్టినట్టు స్పష్టంగా కనిపించే మాటను గాలిగా మార్చడం నాకు బలవంతపు లాగుడుగానే అనిపిస్తుంది. మొదట సిద్ధాంతం నిర్ణయించుకుని తర్వాత వాక్యార్థాన్ని వంచితే, ఆ వాక్యం సిద్ధాంతానికి సాక్ష్యంగా మిగలదు. ఈ పరీక్షను ఏ మతం వ్యాఖ్యానానికైనా పెట్టొచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మీమాంసకుడు ఈ రక్షణను వేదంలో ప్రతి వాక్యానికీ ఇవ్వలేదు. "చోదనాలక్షణోఽర్థో ధర్మః" అని రెండో సూత్రంలోనే హద్దు గీశాడు. "ఇది చేయి" అనే విధికే స్వతంత్ర ప్రామాణ్యం, అదీ కంటికీ ఊహకూ అందని ధర్మం విషయంలోనే. కథలు, సృష్టివర్ణనలు, పొగడ్తలు విధికి తోడుగా నిలబడి ఉత్సాహం కలిగించే మాటలు. విడిగా ప్రపంచం గురించి వార్త చెప్పవు. కాబట్టి "వేదాల్లో విమానాలున్నాయి, కాంతివేగం ఉంది, వేదం స్వతఃప్రమాణం" అని ఒకే ఊపిరిలో అనేవారు తమ కవచాన్ని తామే విప్పేసుకుంటున్నారు. కాంతివేగం కొలిచి చూసే వస్తువు. కొలతకు దొరికే విషయంలోకి గ్రంథాన్ని దించితే కొలతే తీర్పరి. గీత పద్ధెనిమిదో అధ్యాయ భాష్యంలో శంకరులు ఎంత నిక్కచ్చిగా అన్నారో గుర్తుంచుకోండి: నిప్పు చల్లగా ఉంటుందనో వెలుగు ఇవ్వదనో నూరు శ్రుతులు చెప్పినా ప్రమాణం కాదు.

న్యాయశాస్త్రం (కోర్టు చట్టం కాదు, న్యాయమనే తర్కదర్శనం) దారి పూర్తిగా వేరు. నైయాయికుడికి ప్రామాణ్యం పరతః, బయటినుంచి తేలాలి. దూరాన నీళ్లు కనిపించాయి, వెళ్లి తాగితే దాహం తీరింది, అప్పుడు ఆ చూపు నిజమైంది. మాట విషయంలో "ఆప్తోపదేశః శబ్దః", ఆప్తుడు చెప్పిన మాటే ప్రమాణం. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో దీన్నే "ఆప్తవాక్యం శబ్దః, ఆప్తస్తు యథార్థవక్తా" అని పిల్లలకు పట్టుబడేలా చెప్పాడు. ఆప్తుడి లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ ఒకటేనని న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు రాశాడు. తెలిసినవాడు, దాచనివాడు అయితే చాలు.

న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో వేదం మీద మూడు అభియోగాలు నేరుగా వస్తాయి: అనృతం, వ్యాఘాతం, పునరుక్తి. పుత్రకామేష్టి చేసినా కొడుకు పుట్టకపోవడం అబద్ధం. ఉదయించాక హోమం చేయాలని, ఉదయించకముందు చేయాలని చెప్పి, మళ్లీ రెంటినీ నిందించడం పరస్పర విరోధం. మొదటి ఋక్కు మూడుసార్లు, చివరి ఋక్కు మూడుసార్లు చెప్పమనడం పునరుక్తి. వచ్చిన జవాబుల్లో బలం సమానంగా లేదు. పునరుక్తికి చెప్పింది గట్టిది: సామిధేనులు (అగ్నిని రగిల్చేటప్పుడు చదివే ఋక్కులు) 11, కర్మకు కావలసినవి 15. మొదటిదీ చివరిదీ మూడేసిసార్లు చెబితే నాలుగు పెరిగి లెక్క సరిపోతుంది, పనికొచ్చే ఆవృత్తి దోషం కాదు. వ్యాఘాతానికి చెప్పింది కూడా నిలుస్తుంది: ఎవరు ఏ సమయం వ్రతంగా పట్టుకున్నారో దాన్ని తప్పితేనే నింద. పుత్రకామేష్టి జవాబు మాత్రం నిలవదు. ఫలం రాకపోతే కర్మలోనో కర్తలోనో సాధనంలోనో లోపముందని అన్నారు. లోపం ఉందని తెలిసేది ఎలా? ఫలం రాకపోవడం వల్లే! ముందుగా, ఫలంతో సంబంధం లేకుండా, ఇదిగో ఈ లోపం అని చూపగలిగితేనే ఆ జవాబుకు విలువ. లేదంటే ఫలం వచ్చినా రాకపోయినా వాక్యం నిజమే అవుతుంది. ఏం జరిగినా నిలిచే వాక్యానికి జరిగినదేదీ సాక్ష్యం కాదు.

తర్వాత అసలు హేతువు: మంత్రం, ఆయుర్వేదం పనిచేయడం చూశాం, వాటిని చెప్పిన ఆప్తులే వేదాన్నీ చెప్పారు, కాబట్టి కనిపించని విషయాల్లోనూ నమ్మొచ్చు. ఇందులో మంచి ఏమిటంటే, సాక్ష్యం గ్రంథం బయట ఉంది. చిక్కు ఏమిటంటే, నాడి పట్టి జ్వరం సరిగా చెప్పే వైద్యుడి మాట పొలం హద్దు విషయంలో తీసుకోం. ఒక రంగంలో సంపాదించిన నమ్మకం ఇంకో రంగానికి దానంతటదే బదిలీ కాదు. కనిపించే దానిలో నిజం చెప్పినవాడు కనిపించని దాన్ని తెలుసుకునే సాధనం తన దగ్గర ఉందని వేరుగా చూపాలి.

బౌద్ధుల్లో ధర్మకీర్తి దీన్ని అందరికన్నా నిజాయితీగా పరిష్కరించాడని నా అభిప్రాయం. ఆగమాన్ని మూడు చోట్ల పరీక్షించమన్నాడు: కంటికి అందే విషయంలో ప్రత్యక్షంతో, ఊహకు అందే విషయంలో అనుమానంతో, రెంటికీ అందని విషయంలో ముందుమాటకు వెనకమాట పొసగుతుందా లేదా అని. ఇన్ని దాటినా అది నిఖార్సైన అనుమానం కాదని, వేరే గతి లేక ఆశ్రయించేదని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు వల్ల ఆయన ఏమీ కోల్పోలేదు. నమ్మి నడవడానికి చాలేదీ, ఎదుటివాడిని ఒప్పించడానికి చాలేదీ వేరు.

బైబిలు సంగతి. యోహాను సువార్త 5:31లో యేసు, తన గురించి తానే సాక్ష్యం చెప్పుకుంటే ఆ సాక్ష్యం సత్యం కాదంటాడు. అందుకే ఆ వెంటనే బాప్తిస్మమిచ్చే యోహానునూ, తన క్రియలనూ, తండ్రినీ, లేఖనాలనూ సాక్షులుగా చూపుతాడు. 8:14లో మాత్రం తన గురించి తాను చెప్పుకున్నా సత్యమేనంటాడు. ఈ రెండూ కొట్టుకుంటున్నాయని ఎగిరి గంతేయకండి. మొదటిది మోషే ధర్మశాస్త్రం అడిగే ఇద్దరు సాక్షుల నియమం ముందు చెప్పిన మాట, రెండోది తన స్థితి గురించి చెప్పుకున్న మాట అని వాళ్ల పండితులు చెబుతారు, అది సబబైన జవాబే. మీ ప్రశ్నకు పనికొచ్చేది మొదటిది: స్వీయసాక్ష్యం ఎదుటివారికి చాలదని ఆ గ్రంథమే ఒప్పుకుంది. ఇక "ప్రతి లేఖనం దైవావేశం వల్ల కలిగింది" అనే 2 తిమోతి 3:16 చూపిస్తే, "లేఖనం" అంటే ఏ పుస్తకాలు అని అడగండి. ఆ లేఖ రాసేనాటికి కొత్త నిబంధన ఒక సంపుటిగా లేదు. ఇప్పుడున్న 27 పుస్తకాల జాబితా సరిగ్గా అలాగే మొదట కనిపించేది అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ క్రీ.శ. 367లో రాసిన పస్కా లేఖలో. ఏది గ్రంథమో తేల్చే జాబితా గ్రంథం బయటే ఉంది.

ఖురాను రెండు పరీక్షలు పెడుతుంది. ఇలాంటి ఒక్క సూరా (అధ్యాయం) తెమ్మని అల్ బఖర 23లో సవాలు. ఇది అల్లాహ్ నుంచి కాక వేరొకరి నుంచి వచ్చి ఉంటే ఎన్నో వైరుధ్యాలు కనిపించేవని అన్నిసా 82. పరీక్షకు సిద్ధపడటం ఉట్టి స్వీయసాక్ష్యం కన్నా ఒక మెట్టు పైనే. అయితే మొదటిదానికి "ఇలాంటిది" అని తేల్చే కొలబద్ద ఏదో, తీర్పరి ఎవరో ఇరుపక్షాలూ ముందే ఒప్పుకోవాలి. రెండోది ఒకవైపే పనిచేస్తుంది. వైరుధ్యం ఉంటే గ్రంథం ఓడుతుంది, లేకపోతే గెలిచినట్టు కాదు. జాగ్రత్తగా రాసిన లెక్కల పుస్తకంలోనూ వైరుధ్యం ఉండదు.

మరి గ్రంథం దేనికీ సాక్ష్యం కాదా? తప్పకుండా అవుతుంది, ఒక సాక్షిగా. క్రీ.పూ. 701లో అస్సీరియా రాజు సన్హెరీబు యూదా మీద దండెత్తాడని రాజులు రెండవ గ్రంథం చెబుతుంది. యూదా రాజు హిజ్కియా కట్టిన కప్పం 30 తలాంతుల (అప్పటి బరువు కొలత) బంగారం, 300 తలాంతుల వెండి అని రాసింది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆరు ముఖాల మట్టి శాసనంలో సన్హెరీబు కూడా చెప్పుకున్నాడు: హిజ్కియాను పంజరంలో పక్షిలా జెరూసలేములో బంధించాను, 30 తలాంతుల బంగారం, 800 తలాంతుల వెండి తెచ్చాను అని. శత్రువులిద్దరు, విడివిడి భాషల్లో, బంగారం లెక్క ఒకటే చెప్పారు. దండయాత్ర, కప్పం జరిగాయనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం అరుదు. వెండి దగ్గర తేడా ఉంది. జెరూసలేమును పట్టుకున్నానని సన్హెరీబు ఎక్కడా అనలేదు, ఇది బైబిలు కథనానికి అనుకూలం. కానీ దేవదూత ఒక్క రాత్రిలో 1,85,000 మందిని హతం చేశాడన్న మాటకు ఆ శాసనం సాక్ష్యం కాదు. బయటి రుజువు తాను తాకిన వాక్యాన్నే బలపరుస్తుంది, పక్క వాక్యానికి పాకదు. "తవ్వకాల్లో నగరం దొరికింది కనుక గ్రంథమంతా నిజం" అనే వాదం తప్పేది ఇక్కడే.

భవిష్యవాణితో రుజువు చేస్తామంటే మూడింటిని విడివిడిగా అడగండి. సంఘటన ముందు రాసిందని చూపే ప్రతి ఉందా? జరగకముందే ఆ వాక్యానికి అదే అర్థం ఎవరైనా చెప్పారా? జరగనిదేదో చెప్పగలిగేంత నిర్దిష్టంగా ఉందా? వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం పేరుతో ఏదైనా జరిగిన మర్నాడు వాట్సాప్‌లో తిరిగే పద్యానికి అడగాల్సింది మొదటి ప్రశ్న: ఆ పద్యం ఉన్న తాళపత్రమో, సంఘటనకు ముందు అచ్చయిన ప్రతో, పేజీ సంఖ్యతో చూపండి. ఇది స్వామివారి మీద అనుమానం కాదు, ఆయన పేరు మీద ఎవరో కలిపిన పద్యాన్ని వేరుచేయడం. ద్వితీయోపదేశకాండం ఇంకా ముందుకు వెళ్లింది. ప్రవక్త చెప్పింది జరగకపోతే అది దేవుడి మాట కాదని 18వ అధ్యాయంలో, సూచన నిజమైనా అన్యదేవతల వైపు పిలిస్తే వినవద్దని 13వ అధ్యాయంలో ఉంది. భవిష్యత్తు నిజం కావడం ఒక్కటే చాలదని అక్కడే తేలింది.

చెప్పేవాడి లాభం కూడా చూడాలి. సోమయాగంలో ఔదుంబరి అనే మేడికొయ్య స్తంభాన్ని తాకుతూ సామం పాడాలని శ్రుతి, మొత్తం గుడ్డతో చుట్టాలని స్మృతి. చుడితే తాకడం కుదరదు. శబరస్వామి స్మృతిని పక్కనపెట్టి కారణం కూడా చెప్పాడు: గుడ్డ మీద ఆశతో ఎవరో చుట్టడం మొదలుపెట్టి ఉంటారని. దక్షిణ వచ్చే చోట నియమం పెరిగిందంటే మూలాన్ని అనుమానించమని సంప్రదాయమే నేర్పింది.

మీ వైపు నుంచి రెండు పొరపాట్లు దిద్దుకోండి. వాదం చక్రకమని చూపితే ఆ రుజువు పోయింది, అంతే. గ్రంథం అబద్ధమని తేలినట్టు కాదు, దానికి బాధకం వేరుగా చూపాలి. రెండోది: "మీరు కంటిని కంటితోనే నమ్ముతున్నారుగా, అదీ చక్రకమే" అని వారంటారు. తడబడకండి. కన్ను తప్పు చేస్తే చేయి పట్టిస్తుంది, ఎండమావి దగ్గరికి నడిస్తే నీళ్లు లేవని తెలుస్తుంది, పక్కవాడి కన్ను సరిచూస్తుంది. ఒకదాన్నొకటి తప్పు పట్టగల సాధనాలు అవి. తనను తప్పు పట్టే హక్కు ఏ సాధనానికీ ఇవ్వని వాక్యానికి ఆ పోలిక దక్కదు.

ఈసారి చర్చలో మొదట ఒక్క పని చేయండి. వారి వాదాన్ని కాగితం మీద రాసి, "వేదం" అన్నచోట వారు నమ్మని గ్రంథం పేరు పెట్టి వారికే చదివి వినిపించండి. అప్పుడూ ఒప్పుకుంటే ఆ గ్రంథాన్నీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే "మాదాన్లో ఈ తేడా ఉంది" అని ఏదో ఒకటి చెబుతారు: కర్త లేడనో, పాఠం చెక్కుచెదరలేదనో, ఫలం కనిపిస్తోందనో. ఆ తేడాయే వారి అసలు హేతువు. చర్చను అక్కడినుంచి నడపండి.